ఫ్లెక్సీ మీద వికలాంగుల బొమ్మ ఎలా ఉండాలి?

ప్రశ్న: రంగులపెట్టె (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం పాత బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణంలో పదకొండేళ్లుగా డిజైనరుగా పనిచేస్తున్నాను. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, శ్రద్ధాంజలి, బడుల్లో ప్రవేశాలు, రథసప్తమికి అరసవల్లి వచ్చే భక్తులకు స్వాగతాలు, ఇలాంటివి ఏవి వచ్చినా గంటలో ప్రూఫు తీసి చూపించగలను. గత వారం వచ్చిన ఒక పని మాత్రం అయిదు రోజులుగా నా కంప్యూటరులో సగంలో ఆగిపోయి ఉంది.

డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం సందర్భంగా మా జిల్లాలోని ఒక సేవాసంఘం వారు ముప్పై మందికి మూడు చక్రాల బండ్లు పంచుతున్నారు. ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల ఫ్లెక్సీలు నాలుగు, చిన్నవి పాతిక కావాలన్నారు. పైన సంఘం పేరు, దాని కింద అధ్యక్ష కార్యదర్శుల నిలువెత్తు ఫోటోలు, కుడివైపు ముఖ్య అతిథి, ఎడమవైపు కింది మూలలో నిరుడు బండి అందుకున్న ఒకాయన చేతులు జోడించి పైకి చూస్తున్న ఫోటో ఉండాలి. ఆ చివరి ఫోటోను మాత్రం నలుపు తెలుపుల్లోకి మార్చి, మిగతావన్నీ రంగుల్లో ఉంచమన్నారు. వాక్యం కూడా వారే రాసి ఇచ్చారు: "అవిటి బతుకుల్లో వెలుగు నింపుతున్న మానవతామూర్తులకు పాదాభివందనం."

చెప్పినది చెప్పినట్టు చేశాను. మా అన్నయ్యకు చిన్నతనంలోనే పోలియో వల్ల ఎడమకాలు చచ్చుబడింది. డే అండ్ నైట్ కూడలి దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాడు. పక్క చక్రాలు వేయించుకున్న స్కూటరు మీద రోజూ రాత్రి నన్ను ఎక్కించుకుని ఇంటికి తీసుకెళతాడు. ఆ రోజు నా పని పూర్తికాలేదని లోపలికి వచ్చి కూర్చుని, తెర వైపు కాసేపు చూసి, "అందరి కిందా పేరుంది, ఈయన పేరేటిరా?" అని అడిగాడు. నాకు తెలియదు. మరునాడు పార్టీ వారికి, అంటే పని ఇచ్చిన సేవాసంఘానికి, ఫోన్ చేసి అడిగితే వారికీ తెలియదు. నిరుటి కార్యక్రమం ఫోటోల్లో "ఎమోషన్ బాగా వచ్చింది" కాబట్టి అది ఎంచుకున్నామని చెప్పారు.

అప్పటినుంచి ఆ ఫైలు తెరిచినప్పుడల్లా చేయి ముందుకు సాగడం లేదు. ఇన్నేళ్లలో కంటి ఆసుపత్రులకు, ఫిజియోథెరపీ కేంద్రాలకు, వినికిడి యంత్రాల దుకాణాలకు, పింఛను పెంచినందుకు కృతజ్ఞతలు చెప్పే నాయకులకు నేనే ఇలాంటివి ఎన్నో వేసి ఉంటాను. ఒక్కదానిలోనూ వికలాంగులు నేరుగా కెమెరా వైపు చూస్తున్నట్టు గుర్తులేదు. ఏ మాట వాడితే బాగుంటుంది, ఫోటో ఎలా ఉండాలి, చట్టం ఏమైనా చెబుతోందా, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ సంగతి పార్టీ వారి మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? నేను కాదంటే పక్క దుకాణంలో అరగంటలో వేయించుకుంటారని తెలుసు కాబట్టి, ఉద్యోగం పోగొట్టుకునే సలహాలు మాత్రం దయచేసి ఇవ్వకండి.

జవాబు: లెక్కల మాస్టారు (ఆమదాలవలస)

తమ్ముడూ, నాకూ ఏడాదిన్నర వయసులో పోలియో సోకింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెబుతున్నాను. మీరు అడిగినదానికి నా అనుభవం నుంచే చెబుతాను, కొంత పొడుగైతే మన్నించండి.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి బడి గోడ మీద "నిండు జీవితానికి రెండు చుక్కలు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. పల్స్ పోలియో ఆదివారాల్లో ఉపాధ్యాయులం కూడా ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఒక వీధిలో ఏడుస్తూ నోరు తెరవని పిల్లవాడికి వాళ్ల అమ్మ నా కాలిపరు వైపు వేలు చూపించి, చుక్కలు వేయించుకోకపోతే మాస్టారిలా అయిపోతావని చెప్పింది. పిల్లవాడు వెంటనే నోరు తెరిచాడు. ఆ పూట మా బృందంలో అందరికన్నా ఎక్కువ పని చేసింది నా కాలేనని తోటివాళ్లు నవ్వితే నేనూ నవ్వాను. తరవాత బడికి వచ్చి ఆ గోడ మీది వాక్యాన్ని మరోసారి చదువుకున్నప్పుడు, నిండు జీవితానికి రెండు చుక్కలైతే చుక్కలు పడని నాది ఏ జీవితమన్న అనుమానం కలిగింది. అప్పటికి నాకు ఉద్యోగముంది, పెళ్లయింది, కూతురు పుట్టింది.

ఆ ప్రచారం తప్పని నేను అనడం లేదు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది, 2014 మార్చి 27న పోలియో రహిత ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పాయసం చేయించాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రోగాన్ని చూపించి భయపెట్టవచ్చు గానీ, రోగం వచ్చి తగ్గిపోయాక మిగిలిన మనిషిని చూపించి భయపెట్టడం వేరే సంగతి. హెల్మెట్ పెట్టుకోకపోతే ఇదే గతి అంటూ చక్రాల కుర్చీ బొమ్మ వేసే రహదారి భద్రత బోర్డులు కూడా ఈ కోవలోవే. ఆ బోర్డు కింద నుంచి చక్రాల కుర్చీలో వెళ్లేవారు ఉంటారని వేసినవారికి తట్టదు.

మాట గురించి అడిగారు. "అవిటి" వద్దు, దాని మీద చర్చ అక్కర్లేదు. చట్టం తెలుగులో వాడుకలో ఉన్నది "వికలాంగులు". ప్రధానమంత్రి 2015 డిసెంబరులో రేడియో ప్రసంగంలో సూచించాక "దివ్యాంగులు" అన్న మాట వ్యాపించింది. మన రాష్ట్రంలో శాఖ పేరు "విభిన్న ప్రతిభావంతుల" సంక్షేమ శాఖ. నా వరకు "వికలాంగులు" చాలు. దివ్యత్వం నాకు ఎక్కడా కనిపించలేదు. ఇక విభిన్న ప్రతిభ అంటారా, ఏ ప్రతిభా లేనివాడికి మాత్రం బ్యాంకు మెట్ల పక్కన ర్యాంపు అక్కర్లేదా? వేరేవాళ్లకు వేరే మాట ఇష్టం కావచ్చు, ఎవరి ఫోటో వేస్తున్నారో వారినే అడగండి. అదే సమయంలో "కుంటిసాకులు", "గుడ్డిగా నమ్మకండి" వంటి మాటలు శీర్షికల్లోకి రాకుండా చూసుకోండి. మొన్న ఒక ట్యూషన్ సెంటరు బోర్డు మీద "కుంటిసాకులు కట్టిపెట్టండి, ర్యాంకు కొట్టండి" అని చూసి, ఆ సెంటరులో మెట్లెక్కలేని పిల్లలను చేర్చుకుంటారా అని లోపలికి వెళ్లి అడుగుదామనుకున్నాను. మెట్లుండి మానేశాను.

ఇంకొక్క మాట. పోలియో వచ్చినవారికి రెండు పాదాలూ ఒకే కొలత ఉండకపోవడం మామూలే. నా ఎడమకాలికి అయిదో నంబరు, కుడికాలికి ఎనిమిదో నంబరు చెప్పు పడుతుంది. నలభై ఏళ్లుగా ప్రతిసారీ రెండు జతలు కొని, రెండిటిలోనూ సగం మూలన పడేస్తున్నాను. మన జిల్లాలో చెప్పుల దుకాణాల ప్రకటనలు లెక్కలేనన్ని చూశాను గానీ, "ఒక్కో కాలికి ఒక్కో కొలత ఇస్తాం" అని రాసిన ఫ్లెక్సీ ఒక్కటీ చూడలేదు. ప్రకటనల్లో మమ్మల్ని చూపిస్తారు, కానీ ఆ ప్రకటన మాతో మాట్లాడదు. మీ చేతిలో ఉన్న ఫ్లెక్సీ కూడా బండి కావలసినవారితో మాట్లాడటం లేదు. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం ఉండాలో, ఏ తేదీలోగా రావాలో దాని మీద ఎక్కడైనా ఉందా?

జవాబు: గంటస్తంభం (విజయనగరం)

వృత్తిరీత్యా న్యాయవాదిని కాబట్టి చట్టం వరకు చెబుతాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. మీ ప్రశ్నకు సంబంధించినంతవరకు 92వ సెక్షన్ ముఖ్యం. ప్రజల కంటికి కనిపించే చోట వికలాంగులను ఉద్దేశపూర్వకంగా అవమానించినా, అవమానించాలన్న తలంపుతో బెదిరించినా ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా పడుతుంది. కూడలిలో కట్టిన ఫ్లెక్సీ ప్రజల కంటికి కనిపించేదేనని వేరే చెప్పనక్కరలేదు. అయితే మీ పార్టీ వారికి అవమానించే ఉద్దేశం లేదు, పైగా సేవ చేస్తున్నామన్న నమ్మకం ఉంది. అందువల్ల ఈ సెక్షన్ చూపించి వారిని భయపెట్టమని నేను సలహా ఇవ్వను, అది నిలవదు కూడా. మన చట్టాలు ఎగతాళిని పట్టుకుంటాయి గానీ జాలిని పట్టుకోలేవు.

జాలి గురించి, మూసపోసిన చిత్రణ గురించి చెప్పేది వేరే చోట ఉంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, మరుసటి ఏడాది భారతదేశం అంగీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 8వ అధికరణం, వికలాంగుల మీద ఉన్న దురభిప్రాయాలను, మూస భావాలను ఎదుర్కోవాలని, వారిని ఆ ఒడంబడిక ఉద్దేశానికి తగినట్టుగా చూపేలా ప్రసార సాధనాలను ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు చెబుతుంది. మన సుప్రీంకోర్టు 2024 జులై 8న ఇచ్చిన తీర్పు ఇంకా దగ్గరగా వచ్చింది. ఒక హిందీ సినిమాలో వికలాంగుల చిత్రణ మీద నిపున్ మల్హోత్రా వేసిన కేసు అది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తి పార్దీవాలా సినిమాలో జోక్యం చేసుకోలేదు గానీ, దృశ్య మాధ్యమాలన్నిటికీ కొన్ని మార్గదర్శకాలు ఇచ్చారు. వికలాంగుల జీవితాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వారిని కించపరిచే హాస్యం వేరని విడదీశారు. కళ్లు కనిపించనివారు వస్తువులకు గుద్దుకోవడం వంటి అపోహలతో వెక్కిరించడమూ తగదు, మరో కొసన వారిని మానవాతీతులుగా చూపడమూ తగదన్నారు. వారి గురించి తీసే ప్రతి విషయంలోనూ వారిని సంప్రదించాలన్నారు. మీ అన్నయ్య చేసినది సరిగ్గా ఆ సంప్రదింపే, కాకపోతే ఎవరూ పిలవకుండానే వచ్చింది.

ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఒకటి 1985 నుంచి ఉంది, దాన్ని ఆస్కీ అంటారు. శారీరక, మానసిక స్థితి కారణంగా ఎవరినీ అవహేళన చేయరాదని దాని నియమావళి చెబుతుంది. వినియోగదారులు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. కానీ సిరిమాను జాతర రోజుల్లో మా మూడు లాంతర్ల కూడలి దగ్గర కట్టే ఫ్లెక్సీల గురించి ఆస్కీ దాకా వెళ్లినవారిని నేను చూడలేదు.

చివరగా ఫోటో సంగతి. నిరుడు బండి తీసుకోవడానికి వచ్చినాయన ఆ రోజు బండికి ఒప్పుకున్నాడు, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీదకు ఎక్కడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఆయన సంతకంతో అనుమతి తీసుకోమని మీ యజమాని చేత పార్టీ వారికి చెప్పించండి. ఇది మీ నోటి నుంచి నీతిగా కాక, దుకాణం జాగ్రత్తగా వినిపిస్తుంది.

జవాబు: బొబ్బిలి ఆడపడుచు (ప్రస్తుతం హైదరాబాదు)

నేను పద్నాలుగేళ్లు ప్రకటనల ఏజెన్సీలో వాక్యాలు రాసి, ఇప్పుడు మానేసినదాన్ని. మీ ఫ్లెక్సీలో అమ్ముడుపోతున్న సరుకేమిటని ముందు నిర్ణయించుకుంటే మిగతాది తేలికవుతుంది. బండ్లు అమ్మడం లేదు, ఉచితంగా ఇస్తున్నారు. అమ్ముతున్నది దాతల మంచితనం. చేతులు జోడించిన ఆ మనిషి ఆ సరుకుకు చుట్టిన కాగితం. కాగితానికి పేరెందుకుంటుంది?

ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో 1966 నుంచి 2010 వరకు జెర్రీ లూయిస్ అనే హాస్యనటుడు ఏటా గంటల తరబడి టీవీలో కార్యక్రమం నడిపి, కండరాల క్షీణత వ్యాధి ఉన్న పిల్లలను చూపించి విరాళాలు సేకరించేవాడు. డబ్బు కోట్లలో వచ్చింది. అయితే చిన్నప్పుడు ఆ పోస్టర్ల మీద కనిపించిన పిల్లల్లోనే కొందరు పెద్దయ్యాక, 1990ల ఆరంభంలో, ఆ కార్యక్రమానికి వ్యతిరేకంగా వీధిలోకి వచ్చారు. మమ్మల్ని చూసి దేశమంతా ఏడ్చింది కాబట్టే మాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వడం లేదన్నది వారి వాదన. ఏడిపించిన ప్రకటన పనిచేసిందా అంటే చేసింది, కానీ అది వేరే చోట చెడగొట్టినదానికి ఎవరూ లెక్క కట్టలేదు.

ఎగతాళి రకం కూడా పెద్ద కంపెనీలకు కొత్త కాదు. నైకీ 2000లో కొండదారుల్లో పరుగెత్తేవారి బూట్ల ప్రకటనలో, మా బూట్లు వేసుకోకపోతే చెట్టుకు గుద్దుకుని, వికృతంగా మారి, చక్రాల కుర్చీలో తిరగవలసి వస్తుందన్న అర్థం వచ్చేలా రాసింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. ఆ వాక్యం ఎన్ని బల్లల మీదుగా ఆమోదం పొంది అచ్చుకు వెళ్లి ఉంటుందో, ఆ బల్లల చుట్టూ ఎవరెవరు కూర్చుని ఉంటారో నేను ఊహించగలను, ఎందుకంటే నేనూ అలాంటి బల్లల దగ్గర కూర్చున్నాను.

ఇక మీరు జాగ్రత్తపడవలసిన రెండో గొయ్యి ఉంది. జాలి వద్దనగానే మన చేయి నేరుగా వీరత్వం మీద పడుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన స్టెల్లా యంగ్ అనే హాస్యకారిణి, పాత్రికేయురాలు చక్రాల కుర్చీ వాడేది. ఆమెకు పదిహేనేళ్లప్పుడు ఊళ్లో ఒకాయన ఆమెకు ప్రతిభా పురస్కారం ఇప్పిద్దామని ఇంటికి వచ్చాడట. తల్లిదండ్రులు, బాగానే ఉంది గానీ మా అమ్మాయి ఇంతవరకు ఏమీ సాధించలేదే అన్నారట. 2014లో సిడ్నీలో చేసిన ప్రసంగంలో ఆమె ఈ సంగతి చెప్పి, వికలాంగులను మిగతావారికి స్ఫూర్తి పంచే బొమ్మలుగా వాడుకోవడాన్ని "ఇన్‌స్పిరేషన్ పోర్న్" అని ఘాటుగా పిలిచింది. మన దగ్గరకు వస్తే, కృత్రిమ పాదంతో నాట్యం చేసిన సుధాచంద్రన్‌ను ఎన్ని ప్రసంగాల్లో ఉదాహరణగా వాడుకున్నామో లెక్కలేదు. పారిస్ పారాలింపిక్స్‌లో 2024లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి ఫోటోలు ఎన్ని స్వాగత తోరణాల మీద కనిపించాయో చూశాం. ఆమె పరుగు ఆమె కష్టం, పొగడవలసిందే. కానీ ఆమెను చూపించి, వైకల్యం ఉన్న పిల్లను కన్న మరో తల్లితో "చూడు, నువ్వు ఊరికే బాధపడుతున్నావు" అనడం మొదలైతే ఆ పతకం కొరడా అవుతుంది.

మధ్యలో దారి ఉంది. బ్రిటన్‌లో 2016 పారాలింపిక్స్ సమయంలో మాల్టీజర్స్ అనే చాక్లెట్ల ప్రకటన ఒకటి వచ్చింది. చక్రాల కుర్చీలో ఉన్న ఒకామె, పెళ్లిలో తన కుర్చీ చక్రం పెళ్లికూతురి కాలివేళ్ల మీదుగా వెళ్లిపోయిన వైనం స్నేహితులకు చాక్లెట్లు తింటూ చెబుతుంది. అంతే. జాలీ లేదు, వీరత్వమూ లేదు, చిన్న ఇరకాటం, నవ్వు. నటించినదీ వైకల్యం ఉన్న నటే. అమ్మకాలు కూడా పెరిగాయని కంపెనీయే చెప్పుకుంది. వ్యాపారం దృష్టితో చూసినా ఇందులో ఆశ్చర్యం లేదు. మన 2011 జనగణన ప్రకారమే దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు, వారికి కుటుంబాలున్నాయి, వారందరూ సబ్బులు, బియ్యం, సిమ్ కార్డులు కొంటారు.

మీ పనికి వద్దాం. బండిలో కూర్చున్నవారి కళ్ల ఎత్తులో కెమెరా ఉండాలి. పైనుంచి తీసిన ఫోటోలో ఎవరైనా యాచిస్తున్నట్టే కనబడతారు. ఒకరిని నలుపు తెలుపుల్లో, మిగతావారిని రంగుల్లో వేయడం మానండి, మన అలవాటులో రంగు తీసేది శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకే కదా. బండిని సగంలో కత్తిరించకండి, పూర్తిగా కనబడనివ్వండి, ఎందుకంటే అది వారి వాహనం. వారిని ఆ బండితో ఏదో ఒక పనిలో చూపించండి. అక్షరాలు పెద్దవిగా, నేపథ్యానికి విడిగా కనబడే రంగులో వేస్తే చూపు తక్కువైనవారు కూడా చదువుకోగలరు. పసుపు మీద తెలుపు వేసే మన ఫ్లెక్సీల అలవాటు నాకెప్పటికీ అర్థం కాలేదు.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి (విజయనగరం)

మా పెద్దమ్మాయికి పుట్టుకతో వినికిడి లేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. మా కేబుల్ చానల్లో వినికిడి చికిత్స గురించి ఒక ప్రకటన తరచూ వస్తుంది. చీకటి గదిలో ఒంటరిగా కూర్చున్న పాప, ఆ తరవాత ఆపరేషన్, తెల్లారిన కిటికీ, పాప "అమ్మా" అనగానే తల్లి కళ్లలో నీళ్లు. ఆ గది చీకటిగా ఎందుకుందని మా అమ్మాయి సైగలతో అడిగింది. వినబడనివారికి కళ్లు కూడా కనబడవని తీసినవారు అనుకున్నారేమోనని చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. కానీ తెర మీద తల్లి ఏం చెబుతోందో, డాక్టరు ఏం చెబుతున్నారో దానికి అర్థం కాలేదు, కింద ఒక్క అక్షరం కూడా పడదు. వినలేని పిల్లల గురించి తీసిన ప్రకటన వినలేని పిల్లకు తప్ప ఇంట్లో అందరికీ అర్థమైంది. పైన న్యాయవాది గారు చెప్పిన చట్టంలో దీని గురించి ఏమైనా ఉందా?

జవాబు: గంటస్తంభం (విజయనగరం)

ఉందమ్మా. 42వ సెక్షన్. శ్రవణ, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో వచ్చేది అందరికీ అందే రూపంలో ఉండేలా, టీవీ వంటి వాటిలో దృశ్య వివరణ, సైగల భాషలో అనువాదం, తెర మీద అక్షరాలు ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అది చెబుతుంది. ప్రకటనల దాకా అది ఇంకా రాలేదు.

జవాబు: సేవకుడు (రాజాం)

అందరూ విజ్ఞులు, నాది మాత్రం వేరే అభిప్రాయం, కోపగించుకోకండి. నేను ఇలాంటి ఒక సంఘంలో కోశాధికారిని. డిసెంబరు వచ్చిందంటే రసీదు పుస్తకం పట్టుకుని బియ్యం మిల్లులు, బంగారం కొట్లు, ఎరువుల దుకాణాలు తిరిగేది నేను. దాత చెక్కు మీద సంతకం పెట్టే ముందు అడిగే మొదటి ప్రశ్న "ఫ్లెక్సీలో నా ఫోటో ఎక్కడ వస్తుంది?" అని. రెండోది "పేపరులో వస్తుందా?" అని. బొమ్మ చూసి మనసు కరగకపోతే అయిదు వేలు ఇచ్చేవాడు అయిదు వందలిస్తాడు. మీరు చెప్పినట్టు కెమెరా వైపు ధీమాగా చూస్తున్న మనిషి ఫోటో వేస్తే, "ఈయన బాగానే ఉన్నాడు కదా, ఈయనకెందుకు బండి" అంటారు. ఇది నేను చెవులారా విన్న మాట. రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు ఆరు వేల పింఛను ఇస్తోంది, నిజమే, కానీ ఆ ఆరు వేలలో బండి రాదు. మేము ఇచ్చే ముప్పై బండ్లు లేకపోతే ఆ ముప్పై మందిలో చాలామంది ఇల్లు దాటరు. గౌరవంగా ఫోటో వేసి పది బండ్లు ఇవ్వడం మేలా, కాస్త జాలి పుట్టించి ముప్పై ఇవ్వడం మేలా?

జవాబు: లెక్కల మాస్టారు (ఆమదాలవలస)

అయ్యా, మీ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటవేయను. ముప్పై పది కన్నా ఎక్కువే. కానీ మీ లెక్కలో ఒక పక్కే ఉంది. ఆ ఫ్లెక్సీని దాతలు మాత్రమే చూడరు. బ్యాంకు మేనేజరు చూస్తాడు, ఇల్లు అద్దెకిచ్చేవారు చూస్తారు, పిల్లనిచ్చేవారు చూస్తారు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా శ్రీకాకుళంలో మూడు ఇళ్లవాళ్లు, అద్దె సరిగా కట్టగలవా అని అడిగారు. నా జీతం వారి జీతం కన్నా ఎక్కువ. చేతులు జోడించిన ఫోటోలే ఏళ్ల తరబడి చూసిన కళ్లు మరోలా చూడవు.

జవాబు: గంటస్తంభం (విజయనగరం)

రాజాం సోదరుడికి మా ఊరి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. దాతను పొగడవద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలను 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు పెట్టించారు. ఆస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి కుమారుడు గంగరాజుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడు నేర్చుకోవడానికి వీలుండాలన్న ఆలోచనతో కళాశాల పుట్టిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. తరవాత అక్కడ ఘంటసాల చదివారు, సుశీల చదివారు. నేను ఈ కథ చెప్పేటప్పుడు గమనించే విషయం, నూరేళ్ల తరవాత కూడా రాజుగారి పేరుతో పాటు ఆ పిల్లవాడి పేరు కూడా చెప్పుకుంటున్నాం. మీ రసీదు పుస్తకంలో దాత పేరు పక్కన, బండి ఎవరికి వెళ్లిందో వారి పేరు, వారు చేసే పని రాసి దాతకు పంపి చూడండి. ఫలానా బండి ఎక్కి ఫలానా ఆయన రోజూ సంతకు వెళుతున్నాడని తెలిస్తే, మిల్లు యజమాని మరుసటి ఏడాది చెక్కు తగ్గిస్తాడని నేననుకోను. తగ్గిస్తే నన్ను తిట్టండి.

రంగులపెట్టె (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది చెబుతాను.

అనుమతి సంతకం మాట మా యజమాని చేత చెప్పించాను. పార్టీ వారు మొదట విసుక్కున్నా, నిరుటి రిజిస్టరు వెతికించి ఆయన ఎవరో పట్టుకున్నారు. నరసన్నపేట అవతల ఒక పల్లె. బస్సులు ఆగే చోట ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతాడు. తన ఫోటో కార్యక్రమం తరవాత కూడా వాడుతున్నారని ఆయనకు తెలియదు. సంఘం కార్యదర్శి, నేను, అన్నయ్య స్కూటరు మీద, మొన్న ఆదివారం వెళ్లి కలిశాం. బండి ఇంటి వెనక గోనె కప్పి ఉంది. చైను తెగి నాలుగు నెలలైందట, ఆ రకం చైను నరసన్నపేటలో దొరకలేదట, పెద్ద కొడుకు ఆయన్ను సైకిలు మీద దింపి వస్తున్నాడు. ఫోటో వాడుకోండి గానీ ముందు బండి నడిచేలా చేయండి అన్నాడు. కార్యదర్శి గారు కాసేపు మాట్లాడలేదు. అన్నయ్య బండి తిప్పి చూసి, మామూలు సైకిలు చైను రెండు కలిపితే సరిపోతుందని చెప్పి, పేటకు వెళ్లి తెచ్చి, అక్కడే కూర్చుని బిగించాడు.

కొత్త ఫోటో అక్కడే నా ఫోనుతో తీశాను, నేల మీద గొంతుక్కూర్చుని. బండి ముందు పళ్లెంలో వేరుశనగకాయలు, ఆయన పొట్లం కడుతున్నాడు, రంగుల్లోనే. పేరు ఇక్కడ రాయడం లేదు, ఫ్లెక్సీ మీద మాత్రం అందరి పేర్లకూ ఉన్న అక్షరాల సైజులోనే ఉంటుంది. "అవిటి బతుకులు" తీసేయడానికి ఒప్పుకున్నారు, "పాదాభివందనం" మాత్రం ఉండాలన్నారు, ముఖ్య అతిథి వైపు నుంచి వచ్చిన మాట కాబట్టి నేను పట్టుబట్టలేదు. మాస్టారు చెప్పినట్టు దరఖాస్తుకు ఫోన్ నంబరు, చివరి తేదీ కింద పెద్దగా వేశాను. దానితోపాటు బండి పాడైతే ఎవరికి చెప్పాలో కూడా ఒక వరుస రాసి ప్రూఫు పంపాను. ఆ వరుస గురించి సంఘంలో ఇంకా చర్చ జరుగుతోంది, ఎవరి నంబరు ఇవ్వాలో తేలలేదట.

అన్నయ్య చైనుకు అయిన నూట ఎనభై రూపాయల బిల్లు కార్యదర్శి గారి చేతిలో పెట్టాడు.